గరాటు మారితే వాన లెక్క మారుతుంది

ఇంటి దగ్గరి వాతావరణ పరికరాలు: సంరక్షణ, పాడైన భాగాల మార్పిడి

మృగశిర కార్తె వచ్చిందంటే వరంగల్ పల్లెల్లో ఎవరు ఎదురైనా ఒకటే మాట. "మీ దిక్కు ఎంత పడ్డది?" ఒకరు మంచి వాన అంటారు. పక్క శివారు రైతు దుమ్ము అణిగింది, అంతే అంటాడు. ఇద్దరూ అబద్ధం చెప్పడం లేదు. వాన ఒక చెలకలో కురిసి, వాగు దాటితే కురవని రోజులు మనకు కొత్త కాదు. అందుకే ఈమధ్య కొందరు రైతులు ఇంటి దగ్గరో చేను గట్టునో వాన కొలిచే సీసా, ఒక థర్మామీటరు పెట్టుకుంటున్నారు. మంచి పనే. అయితే పెట్టుకోవడం ఒక ఎత్తు, దాన్ని కాపాడుకోవడం మరో ఎత్తు. పాడైన పరికరం ఊరుకోదు, తప్పు లెక్క చెబుతుంది. ఆ లెక్క నమ్మి విత్తు వేస్తే నష్టపోయేది రైతే.

మా ఇంట్లోనే జరిగిన సంగతి చెబుతాను. కొన్నేళ్ల కిందట మా తమ్ముడికి వర్షమాపకం నేనే తయారు చేసి ఇచ్చాను. ప్లాస్టిక్ గరాటు, వంటనూనె డబ్బా, గీతలు గీసిన సీసా. రెండేళ్లు బాగా పనిచేసింది. మూడో ఏడు మే నెల ఎండకు గరాటు పెళుసెక్కి పగిలింది. తమ్ముడు కిరాణా దుకాణంలో ఇంకో గరాటు కొని పెట్టాడు. జూన్‌లో నాలుగు వానలు పడ్డాయి. ఫోన్ చేసి, "అన్నా, మొత్తం అరవై దాటింది. పొద్దున్నే పత్తి గింజలు పెట్టిస్తున్నా" అన్నాడు. రెండెకరాల ఎర్ర చెలక, నాలుగు ప్యాకెట్లు. తర్వాత పది రోజులు ఎండ కాసింది. సగం గింజ మొలవలేదు. మొలిచింది కూడా వాడిపోయింది. మళ్లీ గింజలు, మళ్లీ కూలీలు.

నేను ఊరికి వెళ్లి చూస్తే అసలు సంగతి తెలిసింది. పాత గరాటు మూతి వెడల్పు 11.3 సెంటీమీటర్లు. కొత్తది 14 సెంటీమీటర్లు. మూతి పెద్దదైతే ఎక్కువ నీళ్లు పడతాయి. సీసా మీద గీతలు మాత్రం పాతవే. నిజంగా పడింది 40 మిల్లీమీటర్లు, సీసా చూపించింది 61కి పైన. గరాటు మారిస్తే గీతలు కూడా మార్చాలని తమ్ముడికి చెప్పకపోవడం నా తప్పే. ఈ వ్యాసం రాయడానికి ఆ రెండెకరాలే కారణం.

సొంత కొలత ఎందుకు?

ప్రభుత్వ కేంద్రాలు ఉన్నాయి కదా అని కొందరు అడుగుతారు. ఉన్నాయి. తెలంగాణలో రాష్ట్ర అభివృద్ధి ప్రణాళిక సొసైటీ వెయ్యికి పైగా ఆటోమేటిక్ వాతావరణ కేంద్రాలను నడుపుతోంది. పేపర్లో మండలాల వారీగా వచ్చే వాన లెక్కల్లో చాలావరకు అక్కడివే. భారత వాతావరణ శాఖ సూచనలు 'మేఘదూత్' యాప్‌లో వస్తాయి. జిల్లా వ్యవసాయ సలహాలు వారానికి రెండుసార్లు, మంగళ, శుక్రవారాల్లో వెలువడతాయి. ఇవన్నీ చూడాల్సిందే. అయితే కేంద్రం ఉన్నచోట పడిన వాన మీ చేనులో పడిన వాన కాదు. సూచన చెప్పేది రేపు ఏం కావచ్చో. మీ సీసా చెప్పేది నిన్న మీ చేనులో ఏం అయిందో. విత్తడానికి రెండూ కావాలి.

రైతులే వాన కొలుచుకోవడం మన దగ్గర ఎరగని పని కాదు. 2003 నుంచి కొన్నేళ్లపాటు ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోని ఏడు కరువు జిల్లాల్లో రైతుల భూగర్భజల యాజమాన్య పథకం నడిచింది. ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ సాంకేతిక సాయం చేసింది. ఆ ఏడింటిలో మన దిక్కు మహబూబ్‌నగర్, నల్లగొండ ఉన్నాయి. అక్కడ రైతులే వర్షమాపకాలు చూసి రోజువారీ వాన రాసుకున్నారు. పదిహేను రోజులకోసారి బోర్లలో నీటిమట్టం కొలిచారు. ఆ లెక్కలు ఊళ్లో అందరికీ కనబడేలా బోర్డుల మీద రాశారు. యాసంగికి ముందు కూర్చుని, ఉన్న నీటికి ఏ పంట ఎన్ని ఎకరాలు వేయవచ్చో లెక్క కట్టుకున్నారు. పెద్ద చదువులు లేనివాళ్లు కూడా ఈ పని చేసి చూపించారు.

ఇంకా వెనక్కి వెళితే, కౌటిల్యుడి అర్థశాస్త్రంలోనే ధాన్యాగారం దగ్గర మూర వెడల్పు మూతి ఉన్న కుండ పెట్టి వాన కొలవాలని ఉంది. అప్పుడైనా ఇప్పుడైనా కీలకం ఒకటే. మూతి వెడల్పు ఎంతో తెలియాలి.

వర్షమాపకం: లెక్క ఇదీ

ఒక మిల్లీమీటరు వాన అంటే చదరపు మీటరు నేల మీద ఒక లీటరు నీరు. ఎకరానికి లెక్కిస్తే 4,047 లీటర్లు. 25 మి.మీ. వాన పడితే ఎకరానికి లక్ష లీటర్ల నీరు వచ్చినట్టు.

గరాటు మూతి వెడల్పును లోపలి అంచు నుంచి లోపలి అంచుకు కొలవాలి. దానిలో సగం తీసుకుని, ఆ సగాన్ని మళ్లీ దానితోనే గుణించి, 3.14తో గుణిస్తే మూతి వైశాల్యం చదరపు సెంటీమీటర్లలో వస్తుంది. దాన్ని పదితో భాగిస్తే ఒక మిల్లీమీటరు వానకు ఎన్ని మిల్లీలీటర్ల నీరు చేరుతుందో తెలుస్తుంది. ఇక్కడ లెక్క కట్టి ఇస్తున్నాం. కత్తిరించి గోడకు అంటించుకోవచ్చు.

మూతి 10 సెం.మీ. అయితే 1 మి.మీ. వానకు సుమారు 8 మి.లీ.
11.3 సెం.మీ. అయితే 10 మి.లీ.
12 సెం.మీ. అయితే 11.3 మి.లీ.
14 సెం.మీ. అయితే 15.4 మి.లీ.
15 సెం.మీ. అయితే 17.7 మి.లీ.
16 సెం.మీ. అయితే 20 మి.లీ.
20 సెం.మీ. అయితే 31.4 మి.లీ.

వీటిలో 11.3, 16 సెంటీమీటర్ల గరాట్లు లెక్కకు తేలిక. 11.3 గరాటుకు మందుల దుకాణంలో దొరికే 10 మి.లీ. సిరంజి చాలు. సూది తీసేసి నీళ్లు పీల్చి పారబోయాలి. ఒక్కో సిరంజి ఒక్కో మిల్లీమీటరు. సిరంజి మీది ఒక్కో మి.లీ. గీత మిల్లీమీటరులో పదో వంతు. పురుగుమందుల కొలత గ్లాసు మాత్రం వాడొద్దు. అది ఇంట్లో చేతులు మారుతుంది, పిల్లలు ముట్టుకుంటారు.

దుకాణంలో కొన్న వర్షమాపకానికి 100 లేదా 200 చదరపు సెంటీమీటర్ల మూతి ఉంటుంది. ఏ మూతికి ఆ కొలత గ్లాసే వాడాలి. 200 మూతి నీటిని 100 గ్లాసుతో కొలిస్తే వాన రెట్టింపు చూపిస్తుంది. గ్లాసు పగిలితే కొత్తది కొనేటప్పుడు దానిమీద ఎంత మూతికి చేసిందో చదివి తీసుకోవాలి.

ఎక్కడ పెట్టాలి?

సగం తప్పులు పరికరంలో ఉండవు, దాన్ని పెట్టిన చోటులో ఉంటాయి. ఇంటి చూరు కింద పెడితే పెంకుల నీళ్లు కారి ఎక్కువ చూపిస్తుంది. చెట్టు దగ్గర పెడితే మొదట తక్కువ చూపిస్తుంది, వాన ఆగాక ఆకుల నీళ్లు కారి ఎక్కువ చూపిస్తుంది. డాబా మీద గాలికి చినుకులు పక్కకు కొట్టుకుపోతాయి. పక్కనున్న చెట్టు లేదా గోడ గరాటు అంచు కంటే ఎంత ఎత్తు ఉంటే దానికి కనీసం రెట్టింపు దూరంలో పెట్టాలి. పది అడుగుల ఎత్తు ఉంటే ఇరవై అడుగుల దూరం. ఇంకా ఎక్కువ దూరం ఉంటే ఇంకా మంచిది.

గరాటు అంచు నేల నుంచి అడుగు ఎత్తులో ఉండాలి. అంతకంటే కిందికి ఉంటే నేల మీద పడిన చినుకు చిట్లి లోపలికి ఎగురుతుంది. అంచు నీటిమట్టంగా ఉండాలి. మేస్త్రీ దగ్గరుండే రసమట్టం పెట్టి రెండు దిక్కులా చూసుకోవాలి. మేకలు, దూడలు తోసేయకుండా చుట్టూ నాలుగు కర్రలు పాతి కంచె కట్టాలి. కంచె అంచు కంటే ఎత్తు ఉండకూడదు, లేదా దూరంగా ఉండాలి.

పాడయ్యే భాగాలు, మార్చే తీరు

గరాటు: మన దగ్గర ఎండలకు పల్చటి ప్లాస్టిక్ రెండు మూడేళ్లకే పెళుసు అవుతుంది. ఏటా మే నెలాఖరులో చూడాలి. వేలితో నొక్కితే చిటపటమన్నా, సన్నని వెంట్రుక గీతలు కనిపించినా మార్చేయాలి. రేకు గరాటు అయితే టంకం ఊడిందేమో చూడాలి. అంచు వంకర పోయి కోడిగుడ్డు ఆకారంలోకి వస్తే మూతి వైశాల్యమే మారిపోతుంది. కొత్తది పెట్టిన రోజే మూతి కొలిచి డబ్బా మీద పెయింటుతో రాసిపెట్టాలి. అదే వెడల్పు దొరికితే పాత గీతలు పనికొస్తాయి. దొరక్కపోతే పాత గీతలు చెరిపేసి పైన ఇచ్చిన లెక్క ప్రకారం కొత్తవి గీయాలి.

డబ్బా: ఏడాదికోసారి నిండా నీళ్లు పోసి, పొడి నేల మీద ఒక రాత్రి ఉంచాలి. కింద తడి కనిపిస్తే కారుతున్నట్టే. చిన్న బెజ్జం అయితే ఎం-సీల్‌తో మూయవచ్చు. పగులు అయితే డబ్బా మార్చడమే మంచిది. డబ్బా మారిస్తే లెక్క మారదు. నీళ్లు పట్టేది గరాటు, దాచేది డబ్బా. అయితే నీళ్లు డబ్బాలో చూసి కాకుండా, బయటికి తీసి సిరంజితోనో గ్లాసుతోనో కొలవాలి. డబ్బాకు తెల్లరంగు వేస్తే లోపల నీరు వేడెక్కి ఆవిరి కాదు. పాకుడు కూడా తక్కువ పడుతుంది.

మెడలోని జాలీ: ఆకులు, పురుగులు దిగకుండా గరాటు మెడలో చిన్న జాలీ ముక్క పెడతాం. వానాకాలంలో వారానికోసారి తీసి కడగాలి. ఇది మూసుకుపోతే గరాటులో నీళ్లు నిలిచి, పొంగి బయటికి పోతాయి. పెద్ద వాన నాడే ఈ తప్పు జరుగుతుంది. ఆనాటి లెక్కే మనకు ముఖ్యం.

గరాటు, డబ్బా కలిసే చోటు: ఇక్కడ వాడే రబ్బరు వాషర్ ఎండకు బీటలు వారుతుంది. ఏటా మార్చాలి. సైకిల్ ట్యూబు ముక్క కోసి పెట్టినా సరిపోతుంది.

ఇక డబ్బా ఎంత పెద్దది ఉండాలన్న ప్రశ్న. 2023 జులై 27న మన ఉమ్మడి జిల్లా దీనికి జవాబు చెప్పింది. ఆరోజు ఉదయం 8.30తో ముగిసిన 24 గంటల్లో ములుగు జిల్లా వెంకటాపూర్ మండలం లక్ష్మీదేవిపేటలో 649.8 మి.మీ. వాన నమోదైంది. అప్పటివరకు రాష్ట్రంలో ఒక్కరోజు వానల్లో అదే రికార్డు. భూపాలపల్లి జిల్లా చిట్యాలలో 616.5 మి.మీ. పడింది. మోరంచవాగు పొంగి మోరంచపల్లి మునిగింది. మన దగ్గర ఏడాది మొత్తానికి పడేది వెయ్యి మిల్లీమీటర్లకు అటూఇటూ. అందులో మూడింట రెండొంతులు ఒక్కరోజులో పడింది. 11.3 సెం.మీ. గరాటు కింద ఆ వానకు ఆరున్నర లీటర్ల నీరు చేరుతుంది. ఐదు లీటర్ల డబ్బా 500 మి.మీ. దగ్గరే నిండిపోతుంది. రెండు లీటర్ల సీసా అయితే 200 దగ్గరే. అందుచేత కనీసం ఐదు లీటర్ల డబ్బా పెట్టాలి. రెడ్ అలర్ట్ ఉన్న రోజు మధ్యాహ్నం, సాయంత్రం కూడా తీసి కొలిచి, అన్నీ కలిపి మర్నాడు ఉదయం లెక్క రాయాలి. పిడుగులు పడుతున్నప్పుడు మాత్రం గడప దాటొద్దు. డబ్బా పొంగితే పొంగనీ. 'నిండి పొంగింది' అని రాసుకుంటే చాలు.

థర్మామీటరు పెట్టె

వాన తర్వాత రైతుకు కావలసింది వేడి, గాలిలో తేమ. వరి అగ్గితెగులు, మిర్చి తెగుళ్లు ఎప్పుడు వస్తాయో ఇవే ముందు చెబుతాయి. థర్మామీటరును గోడకు తగిలిస్తే గోడ వేడి చూపిస్తుంది. ఎండలో పెడితే ఎండ వేడి చూపిస్తుంది. మనకు కావలసింది గాలి వేడి. అందుకే చాలా వాతావరణ కేంద్రాల్లో తెల్లటి చెక్కపెట్టె కనిపిస్తుంది. పక్కల్లో వాలు పలకలు ఉండి గాలి ఆడుతుంది, ఎండ తగలదు. దీన్ని రూపొందించినాయన స్కాట్లాండ్ ఇంజినీరు థామస్ స్టీవెన్సన్. అందుకే స్టీవెన్సన్ పెట్టె అంటారు.

పెట్టెను నేల నుంచి నాలుగు అడుగుల ఎత్తులో, తలుపు ఉత్తరం వైపు ఉండేలా పెట్టాలి. ఊరి వడ్రంగి పాత కిటికీ పలకలతో చేసి ఇవ్వగలడు. పెట్టెకు ఉన్న పెద్ద జబ్బు రంగు పోవడం. దుమ్ము, పొగ పట్టి తెలుపు మాసిపోతే లోపల వేడి పెరుగుతుంది. రెండేళ్లకోసారి తెల్లరంగు వేయాలి. దసరా ముందు ఇంటికి వేసేటప్పుడు మిగిలిన డబ్బా చాలు. కాళ్లకు చెదలు పట్టకుండా కింద తారు పూయాలి. పలకల మధ్య కందిరీగలు గూడు పెడతాయి. చేయి పెట్టేముందు చూసుకోవాలి.

థర్మామీటరు సరిగా ఉందో లేదో తెలుసుకోవడానికి ఏడాదికోసారి ఐసు పరీక్ష చేయాలి. ఐసును ముక్కలుగా దంచి గ్లాసు నిండా పోసి, కొంచెం చల్లటి నీళ్లు కలిపి, థర్మామీటరు బుడ్డిని అందులో ముంచి పది నిమిషాలు ఉంచాలి. సున్నా డిగ్రీలు చూపాలి. ఒక డిగ్రీ తేడా ఉంటే ఆ తేడాను పెట్టెలో రాసిపెట్టి ప్రతి రీడింగులో సరిచేసుకోవచ్చు. అంతకు మించితే మార్చాలి. నీళ్లు తగలకూడని డిజిటల్ పరికరానికి ఈ పరీక్ష చేయొద్దు. సరిచూసిన థర్మామీటరు పక్కన పెట్టి పోల్చుకోవాలి.

పాత పాదరసం థర్మామీటరు పగిలితే జాగ్రత్త. పాదరసం విషం. చేత్తో ముట్టొద్దు, చీపురుతో ఊడ్వొద్దు, పిల్లలను ఆడనివ్వొద్దు. ఒంటిమీది బంగారం తీసిపెట్టి, గట్టి కాగితంతో గుండ్లను సీసాలోకి తోసి మూత బిగించాలి. దాని స్థానంలో పాదరసం లేనిదే కొనుక్కోవాలి.

తడి గుడ్డ దగ్గర అసలు పని

రెండు థర్మామీటర్లు పక్కపక్కన పెట్టి, ఒకదాని బుడ్డికి తడి గుడ్డ చుడితే గాలిలో తేమ తెలుస్తుంది. గాలి పొడిగా ఉంటే గుడ్డ తడి త్వరగా ఆరుతూ ఆ థర్మామీటరును చల్లబరుస్తుంది. గాలిలో తేమ నిండి ఉంటే తేడా తగ్గిపోతుంది. పొడిది 30 డిగ్రీలు, తడిది 28 చూపితే తేమ సుమారు 85 శాతం. తడిది 25 చూపితే సుమారు 65. తడిది 20 చూపితే 40 లోపే.

ఇక్కడ పాడయ్యేది గుడ్డ. మన బోరు నీళ్లలో ఉప్పులు ఎక్కువ. ఆ నీళ్లు పోస్తే నెల తిరగకుండానే గుడ్డ మీద తెల్లటి పొర కట్టి గట్టిపడుతుంది. నీరు పైకి ఎక్కదు. గుడ్డ చల్లబడదు. తేమ లేని రోజు కూడా తేమ ఉన్నట్టు చూపిస్తుంది. అది నమ్మి తెగులు మందు కొట్టిన రైతుకు మందు ఖర్చు, కూలి ఖర్చు దండగ. కాబట్టి బ్యాటరీలకు పోసే డిస్టిల్డ్ వాటర్ గానీ, శుభ్రమైన గిన్నెలో పట్టిన వాన నీళ్లు గానీ వాడాలి.

గుడ్డను రెండు వారాలకోసారి మార్చాలి. దుమ్ము ఎక్కువ లేచే రోజుల్లో వారానికోసారి. పల్చటి నూలు గుడ్డ, ఉతికి వాడిన మల్లు పంచె ముక్క మంచిది. కొత్త గుడ్డలో గంజి ఉంటుంది, నీరు పీల్చదు. సబ్బు నీళ్లలో ఉడికించి, మంచినీళ్లలో రెండుమూడుసార్లు జాడించి వాడాలి. చుట్టేటప్పుడు ఒక్క పొరే ఉండాలి, బుడ్డికి అంటుకుని ఉండాలి. మడతలు పడితే లెక్క తప్పుతుంది. పాత పొర బుడ్డికి అంటి ఉంటే నిమ్మరసం రాసి మెల్లగా తుడవాలి.

డిజిటల్ పరికరాలు వాడేవారికి

ఈమధ్య చిన్న డిజిటల్ కేంద్రాలు కూడా వస్తున్నాయి. వీటిలో వాన కొలిచే భాగంలో తక్కెడ పళ్లేల్లా రెండు చిన్న దొప్పలు ఉంటాయి. ఒకటి నిండగానే ఒరిగి పారబోస్తుంది, రెండోది నిండడం మొదలుపెడుతుంది. ఒరిగిన ప్రతిసారీ అయస్కాంతం ఒక చిన్న గాజు స్విచ్చిని కలుపుతుంది. ఒక్కో ఒరుగుకు ఇంత వాన అని లెక్క పడుతుంది. బాగానే ఉంటుంది. కానీ ఒక్క సాలెగూడు చాలు దొప్పను ఆపడానికి. పిట్ట రెట్ట, చీమల మట్టి, కుమ్మరి పురుగు గూడు కూడా అంతే. బయట కుండపోత కురుస్తుంటే తెర మీద సున్నా ఉంటుంది.

నెలకోసారి మూత తీసి మెత్తటి బ్రష్షుతో దొప్పలు, ఇరుసు శుభ్రం చేయాలి. ఇరుసుకు నూనె రాయొద్దు, దుమ్ము పట్టి బంక అవుతుంది. ఏడాదికోసారి పరీక్ష చేయాలి. మూతి వైశాల్యం 200 చదరపు సెంటీమీటర్లు అయితే 200 మి.లీ. నీరు 10 మి.మీ. వానకు సమానం. సీసా మూతకు సన్న బెజ్జం పెట్టి ఆ నీటిని అరగంటకు పైగా చుక్కలుగా పడనివ్వాలి. తెర మీద 9.5 నుంచి 10.5 మధ్య చూపితే సరే. దొప్పలు ఒరుగుతున్నా అంకె పెరగకపోతే గాజు స్విచ్చి గానీ వైరు గానీ పోయినట్టు. రేడియోలు, మొబైళ్లు బాగుచేసే పిల్లలు ఆ స్విచ్చిని టంకం వేసి మార్చగలరు. వైరు ఉడుతలు, ఎలుకలు కొరకకుండా పీవీసీ గొట్టంలో వేయాలి.

తేమ కొలిచే డిజిటల్ ముక్క కొన్నేళ్లకు దారి తప్పుతుంది. దీన్ని ఇంట్లో ఉప్పుతో పరీక్షించవచ్చు. చిన్న మూతలో చెంచాడు ఉప్పు వేసి, తడి ఇసుకలా అయ్యేంతవరకే నీటి చుక్కలు కలపాలి. ఉప్పు కరిగిపోకూడదు. దాన్ని, పరికరాన్ని ఒకదానికొకటి తగలకుండా గాలి చొరని డబ్బాలో పెట్టి నీడలో ఒక రాత్రి ఉంచాలి. తెల్లారి మూత తీయకుండానే బయటి నుంచి చూడాలి. 75 శాతం చూపాలి. ఐదు అంకెలు అటూఇటూ అయితే ఆ తేడా రాసుకోవాలి. బాగా తేడా వస్తే ఆ ముక్క మార్చాలి.

సెల్లులు ఏటా మృగశిరకు ముందే మార్చాలి. కారిన సెల్లు తెల్లపొడి వదులుతుంది, రేకులు తినేస్తుంది. పొడిని నిమ్మరసం అద్దిన గుడ్డతో తుడిచి, ఆరబెట్టి, కొత్త సెల్లులు వేయాలి. పాత సెల్లు, కొత్త సెల్లు కలిపి వేయొద్దు. సోలార్ పలక ఉంటే దాని మీది దుమ్ము వారానికోసారి తడి గుడ్డతో తుడవాలి.

మొత్తం మార్చిన తర్వాత ఒక పని మర్చిపోవద్దు. కొత్త పరికరాన్ని, పాత సీసాను కొన్ని వానలపాటు పక్కపక్కనే ఉంచి చూడాలి. రెండూ దగ్గర దగ్గరగా చెబితేనే పాతదాన్ని తీసేయాలి.

గాలి సంగతి

గాలి కొలిచే గిన్నెల పరికరం అందరికీ అవసరం లేదు. కర్రకు కట్టిన గుడ్డ పేలిక చాలు. పేలిక కిందికి వేలాడితే మందు కొట్టవచ్చు. అడ్డంగా రెపరెపలాడితే ఆగాలి. మందు మన చేను దాటి పక్క చేనులోకి పోతుంది, కొట్టేవాడి ముఖాన కూడా పడుతుంది. ఏటా పేలిక మార్చాలి. మాసి బరువెక్కిన పేలిక గాలి ఉన్నా లేవదు.

పుస్తకంలో రాయాలి

రోజూ ఉదయం 8.30కి చూడాలి. వాతావరణ శాఖ రోజు లెక్క కూడా ఆ వేళకే. అప్పుడే మన లెక్కను మండలం లెక్కతో పోల్చవచ్చు. వాన లేకపోతే సున్నా రాయాలి. ఖాళీ వదిలితే చూడలేదో, పడలేదో తర్వాత తెలియదు. 2.5 మి.మీ. లేదా అంతకు మించి పడితేనే దాన్ని వాన రోజుగా లెక్కిస్తారు. పేపర్లో సెంటీమీటర్లలో రాస్తే పదితో గుణించి మిల్లీమీటర్లు చేసుకోవాలి. ఏ రోజు ఏ భాగం మార్చామో అదే పుస్తకంలో ఎర్ర సిరాతో రాయాలి. గరాటు మార్చిన తేదీ రాసి ఉంటే మా తమ్ముడి తప్పు ఆనాడే పట్టుబడేది. చదువుకునే పిల్లలకు ఈ పని అప్పగిస్తే ఇష్టంగా చేస్తారు.

ఏడాది పని పట్టిక

మే నెలాఖరు: గరాటు, వాషర్, డబ్బా పరీక్ష. సెల్లుల మార్పిడి. రసమట్టంతో అంచు చూడటం. చుట్టూ పెరిగిన కొమ్మలు నరకడం.
జూన్ నుంచి అక్టోబరు: వారానికోసారి జాలీ కడగడం. నెలకోసారి డబ్బా పాకుడు తోమడం. రెండు వారాలకోసారి తడి గుడ్డ మార్చడం.
నవంబరు: దొప్పలు, వైర్లు చూడటం. మంచు రోజులకు ముందు తేమ పరీక్ష.
జనవరి: థర్మామీటరుకు ఐసు పరీక్ష. పెట్టెకు రంగు.

అంకె ఒక్కటే చాలదు

పత్తికి 60 నుంచి 75 మి.మీ. వాన పడి నేల బాగా తడిసిన తర్వాతే గింజ పెట్టాలని శాస్త్రవేత్తలు చెబుతారు. ఈ మాట ఎన్నిసార్లు చెప్పినా తక్కువే. అయితే ఆ వాన నెల రోజుల్లో చినుకులు చినుకులుగా పడితే లెక్క కుదిరినా పదును కుదరదు. సీసా చూసిన తర్వాత చేనులోకి వెళ్లి గడ్డపారతో తవ్వి చూడాలి. జానెడు లోతు తడి ఉందా? మట్టి పిడికిట పడితే ముద్ద అవుతోందా? సీసా, పిడికిలి రెండూ ఒకే మాట చెబితే ముందుకు పోవాలి. వాటి మాటలు కలవకపోతే ముందుగా సీసానే అనుమానించాలి. వరిలో అయితే, రాత్రి వేడి 20 నుంచి 26 డిగ్రీల మధ్య ఉండి తేమ 90 శాతం దాటుతున్న రోజుల్లో అగ్గితెగులు కోసం పొలం కలియతిరగాలి. అనుమానం వస్తే వ్యవసాయ విస్తరణ అధికారిని గానీ, వరంగల్ ములుగు రోడ్డులోని ప్రాంతీయ వ్యవసాయ పరిశోధన స్థానం శాస్త్రవేత్తలను గానీ అడగాలి.

ఆరుద్ర కురిస్తే దారిద్ర్యం ఉండదని మన పెద్దలు అన్నారు. కురిసిందెంతో సరిగా తెలిస్తేనే ఆ మాట చేనుకు పనికొస్తుంది. వారానికి పది నిమిషాలు, ఒక సిరంజి, ఒక గుడ్డ ముక్క, ఒక వాషర్. ఖర్చు పెద్దది కాదు. మా తమ్ముడు ఇప్పుడు గరాటు మీద ఎర్ర పెయింటుతో '11.3' అని రాసుకున్నాడు. పోయిన వానాకాలం ముందు ఫోన్ చేసి, "అన్నా, కొత్త గరాటు తెచ్చిన, కొలిచిన, అదే అంకె" అన్నాడు. ఆ తర్వాతే వాన సంగతి చెప్పాడు.